పోలీస్ యాక్షన్ నాడు నీకెన్నేండ్లు, అవ్వా?

జగిత్యాల జిల్లాలో కొడిమ్యాల, మల్యాల చుట్టుపక్కల పాతతరం ముసలవ్వలకు పుట్టిన తేదీ అంటూ ఉండదు. వయసు అడిగితే ఒక లెక్క చెప్తారు. "పోలీస్ యాక్షన్ నాడు నేను పాలు తాగే పిల్లను" అంటుంది ఒకామె. "రజాకార్ల లొల్లిల మా అక్క పెండ్లి ఆగింది, ఆ తెల్లారి ఏడు నేను పుట్టిన" అంటుంది ఇంకొకామె. ఆధార్ కార్డు మీద జనవరి 1 అని పడ్డ తేదీ కన్నా ఈ లెక్కే నమ్మదగ్గది.

అదే సంగతి బడి పుస్తకంలో ఇట్లా ఉంటుంది: 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. పిల్లవాడు బట్టీ పడతాడు, పరీక్షలో రాస్తాడు, మర్నాటికి మరచిపోతాడు. వాణ్ని తప్పుపట్టలేం. ఆ వాక్యంలో సైన్యం ఉంది, నిజాం ఉన్నాడు. వాడి ఈడు పిల్ల ఒక్కతి లేదు, వాళ్ల అవ్వ లేదు, వాళ్ల ఊరు లేదు.

పైగా ఆ ఐదు రోజుల యుద్ధం నడిచిన తొవ్వలు ఇటువైపువి కావు. సైన్యంలో పెద్ద దండు షోలాపూర్ వైపు నుంచి వచ్చింది, మరొకటి బెజవాడ వైపు నుంచి. మన పల్లెల జ్ఞాపకంలో ఉన్నది ఆ ఐదు రోజులు కాదు, వాటికి ముందూ వెనకా ఉన్న సంవత్సరాలు. దొర గడీ, వెట్టి, నిజాం పక్షపు రజాకార్ల భయం, అడవి పట్టిన యువకులు, అర్ధరాత్రి తలుపు చప్పుడు. పెద్దవాళ్ల చరిత్ర దీన్ని తేదీలుగా కుదిస్తుంది. పిల్లలకు చెప్పాలంటే మళ్లీ విప్పాలి. విప్పడానికి మన దగ్గరున్న పనిముట్టు కథ. అయితే ఈ పనిముట్టు రెండువైపులా కోస్తుంది.

ముందు మంచివైపు చూద్దాం. మన పాత కరీంనగర్ జిల్లా వాడే, వంగర పి.వి. నరసింహారావు, రాజకీయాల్లో పెద్ద పేరు తెచ్చుకోకముందు 'గొల్ల రామవ్వ' అనే కథ రాశాడు. 'విజయ' అనే కలం పేరుతో 1949లో కాకతీయ పత్రికలో వచ్చింది. సంస్థానం కూలి అప్పటికి ఏడాది అటూ ఇటూ. ఆయన నిజాం వ్యతిరేక పోరాటంలో సరిహద్దు అవతల చాందా శిబిరంలో పనిచేసి వచ్చిన మనిషి. చూసినవీ విన్నవీ చాలా ఉండి ఉంటాయి. ఆయన కావాలనుకుంటే ఒక దళం కథ రాయవచ్చు, తుపాకుల కథ రాయవచ్చు. కానీ ఎంచుకున్నది ఒక రాత్రి, ఒక గుడిసె, ఒక ముసలవ్వ, ఆమె మనవరాలు. పోలీసులు తరుముతుంటే ఒక యువకుడు ఆ గుడిసెలో వచ్చి పడతాడు. ముసలవ్వ మొదట బెదురుతుంది, తర్వాత అతణ్ని కడుపులో పెట్టుకుంటుంది. పోలీసులు వచ్చి అడిగితే మనవరాలి మొగుడని నమ్మిస్తుంది.

ఈ కథను పిల్లల ముందు పెడితే ఏం జరుగుతుందో ఆలోచించండి. పాఠం చెప్పినప్పుడు పిల్లలు "ఎప్పుడు?" అని అడుగుతారు. కథ చెప్పినప్పుడు "నేనైతే ఏం చేద్దును?" అనుకుంటారు. రామవ్వ చెప్పింది అబద్ధం కదా, అబద్ధం తప్పు కదా అని ఒకడు లేస్తాడు. పోలీసులకు తెలిసిపోతే మనవరాలి గతి ఏమిటి, ఆ పిల్లను ఎవరైనా అడిగారా అని ఒక అమ్మాయి అడుగుతుంది. ఈ రెండో ప్రశ్న కథలోని పెద్దల్లో ఎవరికీ తట్టదు. యుద్ధం అంటే సరిహద్దులో సైనికుడు చేసేదే కాదు, మామూలు మనిషి ఇంటి గడప మీద ఒక్క నిమిషంలో తీసుకోవాల్సిన నిర్ణయం కూడా అని పిల్లలకు ఎవరూ చెప్పనక్కర లేదు. రాజ్యం, తిరుగుబాటు, పోలీసు అనే పెద్ద మాటలు ఒక గుడిసెలో ఇమిడిపోతాయి. మంచి చారిత్రక కథ చేసే పని ఇదే, కొలతను తగ్గించడం. పెద్ద చరిత్రను పిల్లవాడి ఎత్తుకు దించడం.

ఇంకో పని కూడా ఉంది. పాఠం రాసేవాడికి ముగింపు తెలుసు: నిజాం ఓడిపోతాడు. 1948లో ఆ గుడిసెలో ఉన్నవాళ్లకు తెలియదు. తెల్లారితే ఏమవుతుందో తెలియకపోవడమే యుద్ధకాలపు అసలు అనుభవం. దాన్ని పాఠం ఇవ్వలేదు, కథ ఇస్తుంది.

మరి ఇటువంటి కథలు మనకు ఎన్ని ఉన్నాయి? పెద్దల కోసం ఉన్నాయి. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' ఉంది. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు' ఉన్నాయి. చిల్లర దేవుళ్లులో ఒక సంగీతగాడు ఆంధ్ర ప్రాంతం నుంచి తెలంగాణ పల్లెకు వస్తాడు. గడీ, దొర, వెట్టి అన్నీ అతనికి కొత్త. అతనితో పాటు మనమూ కొత్తగా చూస్తాం. ఏమీ తెలియని మనిషిని ఊరిలోకి పంపడం పిల్లల కథకు ఎంతో పనికొచ్చే ఉపాయం. కాని ఆ నవలను ఏడో తరగతి పిల్లల చేతిలో పెట్టలేం. గడీలో దాసీలైన ఆడబాపల బతుకు ఎట్లా ఉండేదో పన్నెండేళ్ల పిల్లకు ఏ మాటల్లో చెప్పాలో చాలామంది పెద్దలకే తెలియదు.

చిత్రం ఏమిటంటే పిల్లల సాహిత్యానికి ఈ నేల గొడ్డుది కాదు. మెట్‌పల్లి దగ్గరి చవులమద్ది వాసాల నర్సయ్యకు 2017లో కేంద్ర సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారం వచ్చింది. సిరిసిల్ల పత్తిపాక మోహన్‌కు గాంధీజీ మీద పిల్లల కోసం రాసిన 'బాలల తాత బాపూజీ'కి 2022లో అదే పురస్కారం వచ్చింది. గేయం ఉంది, నీతికథ ఉంది, మహనీయుల జీవితాలు ఉన్నాయి. సొంత జిల్లా చూసిన యుద్ధకాలం మీద పదేళ్ల పిల్ల కళ్లతో సాగే నవల మాత్రం నేను వెతికినంతలో నా చేతికి రాలేదు.

అటువంటిది రాయబోయేవాళ్లకు సరుకు మాత్రం కుప్పలుగా ఉంది. ఒక్కటి చూడండి. పోలంపల్లికి చెందిన అనభేరి ప్రభాకరరావు దళం ఊళ్లు తిరుగుతూ పటేల్ పట్వారీల దగ్గరి కాగితాలు తగలబెట్టించేది. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్‌లో ఆయన, సింగిరెడ్డి భూపతిరెడ్డి, మరికొందరు నిజాం బలగాల తూటాలకు నేలకొరిగారు. పాఠంలో ఇది అమరుల జాబితాలో ఒక పంక్తి. పిల్లవాడికి మాత్రం వేరే సందేహం వస్తుంది. యుద్ధం చేసేవాళ్లు కాగితాలు ఎందుకు కాలుస్తారు? బందూకులు గుంజుకోవాలి గాని!

ఈ ప్రశ్న దగ్గర ఆగితే చాలు, ఆ కాలం మొత్తం తెరుచుకుంటుంది. భూమి ఎవరిదో, అప్పు ఎంతో, శిస్తు ఎంత బాకీయో అన్నీ ఆ దస్త్రాల్లోనే ఉండేవి. రైతు చదవలేడు. సర్కారు భాష ఉర్దూ. తాత తీసుకున్న నాలుగు మానికల జొన్నలు మనవడి నాటికి ఎకరం భూమిగా మారింది ఆ కాగితం మీదనే. మంట పెట్టింది కాగితానికి కాదు, బాకీకి. ఇది ఉపన్యాసంగా చెప్తే పిల్లలు ఆవులిస్తారు. కచ్చీరు ముందు మంట వెలుగులో తండ్రి ముఖం మొదటిసారి నవ్వడం చూసిన ఒక పిల్ల చెప్తే వింటారు.

ఉర్దూ మాట వచ్చింది గనుక ఒక చిన్న పక్కమాట. వేములవాడ దగ్గర హనుమాజీపేటలో పుట్టి, జ్ఞానపీఠం దాకా వెళ్లిన సి. నారాయణరెడ్డి హైస్కూల్ నుంచి బి.ఎ. దాకా చదివింది ఉర్దూ మాధ్యమంలోనే. తెలుగు మహాకవి హైస్కూల్ చదివింది తెలుగులో కాదు! పోలీస్ యాక్షన్ నాటికి ఆయనకు పదిహేడేళ్లు. సంస్థానంలో డబ్బు వేరు, హాలీ సిక్కా. టపా బిళ్లలు వేరు. ఇట్లాంటి చిన్న చిన్న వస్తువులే కథలో కాలాన్ని నిలబెడతాయి. పాత్ర ఎంత గొప్పగా మాట్లాడినా, జేబులో తప్పు పైసలు ఉంటే కథ కూలిపోతుంది.

ఇప్పుడు పనిముట్టుకున్న రెండో అంచు. కథకు బలం ఎక్కువ, అదే దాని ప్రమాదం. విన్న పాఠం మరచిపోతాం, విన్న కథ మరచిపోం. కథలో తప్పుంటే ఆ తప్పూ మరచిపోం.

2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ సినిమా తర్వాత అల్లూరి సీతారామరాజు, కొమురం భీమ్ మంచి దోస్తులని నమ్మే పిల్లలను ఏ ఊళ్లో అయినా చూడవచ్చు. ఇద్దరూ కలిసినట్టు ఆధారం లేదు. అల్లూరిని 1924లో కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. భీమ్ 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల చేతిలో చనిపోయాడు. ఒకరిది బ్రిటిష్ మన్యం, ఇంకొకరిది నిజాం అడవి. సినిమా తీసినవాళ్లు ఇది కల్పన అని ముందే చెప్పారు, వాళ్లను అనేదేమీ లేదు. కాని ఆ మాట పాటలో కొట్టుకుపోతుంది. దీని పక్కన సాహు, అల్లం రాజయ్య రాసిన 'కొమురం భీమ్' నవలను పెట్టి చూడండి. అదీ కల్పనే, సంభాషణలన్నీ రచయితలు అల్లినవే. అయితే వాళ్లు గోండు గూడేలు తిరిగి, అక్కడి మనుషుల నోట విని, ఆ విన్నదాని మీద అల్లారు. రెండింటిలోనూ ఊహ ఉంది. తేడా ఊహ దేని మీద నిలబడింది అనేదానిలో ఉంది.

బయటి ప్రపంచంలోనూ ఇదే తగువు. హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు సదాకో ససాకికి రెండేళ్లు. పన్నెండేళ్లకు, 1955లో, రక్త క్యాన్సర్‌తో చనిపోయింది. వెయ్యి కాగితపు కొంగలు మడిస్తే కోరిక తీరుతుందన్న నమ్మకంతో ఆస్పత్రి మంచం మీద మడుస్తూ పోయింది. ఎలినార్ కోర్ 1977లో రాసిన పిల్లల పుస్తకంలో సదాకో 644 కొంగల దగ్గర ఆగిపోతుంది, మిగతావి స్నేహితులు పూర్తిచేస్తారు. ప్రపంచమంతా ఈ అంకెనే నమ్మింది. కుటుంబం చెప్పిన మాట వేరు: ఆమె వెయ్యి దాటించింది. వెయ్యి పూర్తయినా బతకలేదు. ఏది ఎక్కువ బాధ? కథలో పని సగంలో ఆగింది, స్నేహం దాన్ని పూర్తి చేసింది. అది ఓదార్పు. నిజంలో ఆ ఓదార్పు కూడా లేదు. రచయిత్రి చేసిన మార్పు చిన్నదే అనిపిస్తుంది. కాని యుద్ధం గురించి పిల్లకు అందే అర్థమే మారిపోయింది.

జాన్ బోయిన్ 2006లో రాసిన చారల పైజామా అబ్బాయి నవలది ఇంకా పెద్ద గొడవ. నాజీ శిబిరాధికారి కొడుకు, కంచె అవతలి యూదు పిల్లవాడు స్నేహితులవుతారు. చదివినవాళ్లు ఏడవకుండా ఉండరు. కాని ఆష్‌విట్జ్ నాజీ శిబిరానికి తెచ్చిన చిన్నపిల్లల్లో అత్యధికులను దిగిన రోజే చంపేశారు. కంచె పక్కన తీరికగా కూర్చుని కబుర్లు చెప్పుకునే అవకాశం వాళ్లకెక్కడిది? నాజీల యూదు సంహార చరిత్ర చదివేవాళ్లూ చెప్పేవాళ్లూ ఈ పుస్తకానికి దూరంగా ఉండాలని ఆష్‌విట్జ్ స్మారక సంస్థ 2020లో బహిరంగంగానే చెప్పింది. కన్నీళ్లు వచ్చాయి కదా అని కథ నిజమైపోదు. మన దగ్గర దీన్ని ఇంకా గట్టిగా అనాలి, ఎందుకంటే మనం కంటతడి పెట్టించిన ప్రతి కథకూ చరిత్ర అని బిరుదు ఇచ్చేస్తాం.

అన్నింటికన్నా జాగ్రత్త అవసరమైన చోటు ఇంకొకటి ఉంది. కొడిమ్యాల బడిలోనైనా, కోరుట్ల బడిలోనైనా తరగతిలో ముస్లిం పిల్లలు ఉంటారు. రజాకార్ల కథ చెప్తున్నప్పుడు మిగతా పిల్లల చూపులు ఎటు తిరుగుతాయో టీచర్‌కు తెలుసు. రజాకార్ అనే ఉర్దూ మాటకు స్వచ్ఛందంగా వచ్చినవాడు అని మాత్రమే అర్థం. అది కాసిం రజ్వీ నడిపిన ఒక దండు పేరు, మతం పేరు కాదు. ఈ సంగతిని ఉపదేశంగా కాక మనిషిగా చూపించాలంటే షోయబుల్లాఖాన్ ఉన్నాడు. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్ వీధిలో అతణ్ని రజాకార్ మూకలు చంపాయి. భూస్వామికి ఎదురు తిరిగి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ఉన్నాడు. ఈ ఇద్దరూ లేకుండా చెప్పిన కథ సగం కథ కూడా కాదు.

ఇంకా కష్టమైన సగం ఉంది. సెప్టెంబర్ 17 తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద ఘోరాలు జరిగాయి. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం, చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు, 2013లో గాని జనం చూసే వీలు కలగలేదు. ఐదో తరగతిలో ఈ అంకె చెప్పమని నేను అనను. తొమ్మిదో తరగతిలో చెప్పకుండా దాటవేస్తే మాత్రం, రేపు ఎవరో దాన్ని ఫోన్‌లో విషంతో కలిపి పంపుతారు. పిల్లల కథలో దీనికి ఒక దృశ్యం చాలు: పక్కింటి దూదేకుల సాయిబు కుటుంబాన్ని నాలుగు రోజులు తమ ఇంట్లో దాచిన ఊరివాళ్లు. రామవ్వ చేసిన పనే, వేషం మారింది.

ఇక బడిలో చేయాల్సింది. నేను చెప్పే పద్ధతికి సుద్దముక్క తప్ప ఖర్చు లేదు. కథ చదివించాక బోర్డు మీద మూడు గళ్లు గీయాలి: జరిగింది, అల్లింది, తెలియదు. పిల్లలే ఒక్కో సంగతిని ఏ గడిలో వేయాలో చెప్పాలి. నిజాం లొంగిపోవడం మొదటి గడి. రామవ్వ మాటలు రెండో గడి. అట్లాంటి ముసలవ్వ నిజంగా ఎక్కడైనా ఉండేదా? ఇక్కడ తరగతి రెండు ముక్కలవుతుంది, అవ్వాలి. మూడో గడిలో పడ్డవాటిని పట్టుకుని ఇళ్లకు వెళ్లాలి, ముసలివాళ్లను అడగాలి. నాడు పదేళ్లున్నవాళ్లకు ఇప్పుడు తొంభైకి దగ్గర. వ్యవధి లేదు.

అడగడం కూడా నేర్పాలి. "రజాకార్ల గురించి చెప్పు" అంటే ముసలవ్వ సినిమాలో చూసింది చెప్తుంది. "ఆ ఏడు మీ ఇంట్లో ఏం వండుకున్నరు? రాత్రి ఎక్కడ పన్నరు? మీ నాయిన నిన్ను ఎక్కడికి పోవద్దన్నడు?" అని అడగాలి.

"అవ్వా, నువ్వు రజాకార్లను సూసినవా?"

"సూడలే బిడ్డా. ఒస్తున్నరంటే మా అవ్వ నన్ను గుమ్మిల దాసేది. గింజలు గుచ్చుకునేటియి. ఏడిస్తే నోరు మూసేది."

ఇది నేను అల్లిన సంభాషణే, రెండో గడిలో వేసుకోండి. కాని ఇట్లాంటి జవాబులో రజాకార్ కనిపించడు, గింజ గుచ్చుకోవడం మాత్రమే ఉంటుంది. కథకు కావలసింది అదే.

చివరగా ఒక మాట. యుద్ధం అంటే 1948 ఒక్కటే అనుకోనక్కర లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో చాలామంది తాతలకు ఇంకో యుద్ధం తెలుసు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అక్కడ పని చేస్తున్న మనవాళ్లు బాగ్దాద్ మీదుగా బస్సుల్లో, ఎడారి గుడారాల్లో ఆగుతూ, జోర్డాన్‌లోని అమ్మాన్ చేరారు. అక్కడి నుంచి రెండు నెలల పాటు ఎయిరిండియా ఐదు వందలకు దగ్గరగా విమానాలు తిప్పి లక్షకు పైగా భారతీయులను ఇంటికి చేర్చింది. దీని మీద హిందీలో సినిమా వచ్చింది. ఇక్కడి పల్లెలో పోస్ట్‌మ్యాన్ కోసం ఎదురుచూసిన పిల్లల కథ రాలేదు. ఇంట్లో ఫోన్ లేదు. బాపు గొంతు అంటే టేప్ రికార్డర్‌లో వేసి విన్న క్యాసెట్టే. యుద్ధం మొదలైన నెలలో కొత్త క్యాసెట్టు రాలేదు, డ్రాఫ్టు రాలేదు. పాత క్యాసెట్టునే తిప్పి తిప్పి విన్న పిల్లకు ఇప్పుడు నలభై దాటి ఉంటుంది, ఆమె బిడ్డ పదో తరగతిలో ఉండవచ్చు.

ఆ క్యాసెట్టు ఇంకా అటక మీద ఏ సూట్‌కేసులోనో ఉంటే, టీచర్ ఇచ్చే మొదటి హోంవర్క్ దాన్ని కిందికి దించడమే.